వందేళ్లు దాటిన ఇల్లు: నాకు ప్రాణం, మావారికి భారం

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు. మూడేళ్ల కిందట నాగ్లీ పార్క్ అనే పాత పేటలో ఒక క్రాఫ్ట్స్‌మన్ బంగళా కొన్నారు. కౌంటీ రికార్డుల ప్రకారం 1908లో కట్టిన ఇల్లు. ఆఫీసు దగ్గరనీ, వెనక స్థలం ఉందనీ కొన్నారు తప్ప పాతదని కాదు. ఉండగా ఉండగా ఆవిడకు ఆ ఇంటి మీద మమకారం పెరిగింది. ముందు వెడల్పాటి వరండా, పైకి పోయే కొద్దీ సన్నబడే స్తంభాలు, చూరు కింద బయటికి కనబడే వాసాల కొసలు, భోజనాల గదిలో గోడలోనే అమర్చిన చెక్క అలమర. భర్తకు ఇవేవీ పట్టవు. కిటికీలు ఎత్తితే నిలబడక టపీమని పడతాయి, చలికాలం హీటర్ బిల్లు చూస్తే గుండె దడ. ఆయన చిన్నప్పుడు విజయవాడలో అద్దె పోర్షన్‌లో పెరిగారు, వానొస్తే ఇంట్లో గిన్నెలు పెట్టుకునేవారట.

జూన్‌లో అత్తమామలు ఆరు నెలలకు వస్తున్నారు. మామగారికి మోకాళ్ల నొప్పులు, వరండాకు ఆరు మెట్లు. పోయినసారి అత్తగారు "ఇంత డబ్బు పోసి చీకటి కొంప కొన్నారా, ఇందులో ఎంతమంది పోయారో" అన్నారు. కాంట్రాక్టర్ రెండు ప్లాన్లు ఇచ్చాడు. ఒకటి, మొత్తం కూల్చి రెండంతస్తులు కట్టడం. రెండోది, కిటికీలన్నీ తీసి ప్లాస్టిక్ రకం వినైల్‌వి పెట్టి, వరండా మూసి అత్తమామలకు గది చేసి, భోజనాల గది గోడ కొట్టేసి వంటింట్లో కలపడం. ఈలోగా పక్కింటి పెద్దావిడ వచ్చి, ఇది నగర చారిత్రక కట్టడాల పట్టికలో ఉన్నట్టుందని చెప్పి, ఇంటి పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి వెళ్లారు.

ఇంకో మాట కూడా రాశారు. కోనసీమలో వాళ్ల అమ్మమ్మగారి మండువా లోగిలి పదేళ్ల కిందట అమ్మేశారు. కొన్నవాళ్లు కూల్చారు. టేకు స్తంభాలూ, సింహద్వారం ఎవరో విడిగా కొనుక్కుపోయారు. "ఈ ఇంటికి నిజంగా వారసత్వ విలువ ఉందా? ఉంటే మావారికి చెప్పకుండా నేనే ల్యాండ్‌మార్క్ (నగరం గుర్తించిన చారిత్రక కట్టడం) చేయించవచ్చా? ఒకసారి ఆ ముద్ర పడితే ఇక ఎవరూ ముట్టుకోలేరు కదా?" అన్నది ఆవిడ ప్రశ్న.

సమాధానం:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఉత్తరం మడిచి పెట్టాక కూడా నన్ను వదలనిది అదే. చెప్పకుండా చేయకండి. చట్టం మాట తర్వాత, ముందు ఇంట్లో మాట చూడండి. ఇద్దరూ కలిసి అప్పు తీర్చుకుంటున్న ఇంటి మీద ఒకరు రహస్యంగా ఒక నిర్ణయం రుద్దితే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి కిటికీ మీ ఆయనకు ఆ సంగతే గుర్తు చేస్తుంది. పైగా మీరనుకున్నది జరగదు. పన్ను తగ్గించే ఒప్పందం లాంటిది ఏది కావాలన్నా యజమానులందరి సంతకాలూ ఉండాలి. నగర ల్యాండ్‌మార్క్ అయినంత మాత్రాన ఎవరూ ముట్టుకోలేరనడమూ నిజం కాదు. అలాంటి ఇంట్లో మార్పులకు తీసుకోవలసిన అనుమతులు ముఖ్యంగా బయటి రూపానికి సంబంధించినవి. భోజనాల గది అలమరకు రేపు ఎవరైనా తెల్ల పెయింట్ కొట్టేస్తే ఏ కమిషనూ వచ్చి ఆపదు. దాన్ని కాపాడవలసింది ఇంట్లో ఉన్న మీరిద్దరే. అందుకే ఆయన మనసు ముందు కావాలంటున్నాను.

ఇక విలువ సంగతి. ఉంది. అయితే అది మీరనుకునే చోట కొంత, మీరనుకోని చోట ఎక్కువ ఉంది.

మీ ఇంటి క్రాఫ్ట్స్‌మన్ శైలికి మూలం ఇంగ్లండ్‌లో. యంత్రాలు వచ్చి చేతిపని పోతోందని బాధపడినవాళ్లు, కవీ డిజైనరూ అయిన విలియం మోరిస్ కాలంలో మొదలుపెట్టిన ఉద్యమం అది. అమెరికాలో ఫర్నిచర్ తయారుచేసే గుస్తావ్ స్టిక్లీ 1901 నుంచి 1916 దాకా 'ది క్రాఫ్ట్స్‌మన్' అనే పత్రిక నడిపి, మామూలు సంసారులు కట్టుకోగలిగిన ఇళ్ల ప్లాన్లు అందులో వేశాడు. శైలికి పేరు ఆ పత్రిక నుంచే వచ్చింది. దూలం దూలంలా కనబడాలి, చెక్క చెక్కలా కనబడాలి, ఏదీ కప్పిపెట్టకూడదు. అదే వాళ్ల సిద్ధాంతం. మీ చూరు కింద వాసాల కొసలు బయటికి కనబడేది అందుకే. కాలిఫోర్నియాలో ఈ శైలికి శిఖరం అనదగ్గ పాసడేనాలోని గ్యాంబుల్ హౌస్‌ను గ్రీన్ అండ్ గ్రీన్ అనే అన్నదమ్ములు కట్టింది కూడా 1908లోనే. అది కోటీశ్వరుడి ఇల్లు, మీది మధ్యతరగతి ఇల్లు. కానీ ఒకే ఏడాది, ఒకే ఆలోచన. 1910లూ 1920ల్లో ఇలాంటి బంగళాలు వేలకొద్దీ వచ్చాయి. మీది అచ్చంగా 1908దే అయితే ఆ వరదకు ముందు వచ్చిన వాటిలో ఒకటి. నాగ్లీ పార్క్‌ను జనరల్ నాగ్లీ ఎస్టేట్ నుంచి 1902లో ప్లాట్లు వేశారు కాబట్టి, ఆ పేట పుట్టినప్పటి ఇళ్లలో ఒకటి కూడా.

"1908దే అయితే" అన్నాను చూడండి, అది ముఖ్యం. కౌంటీ రికార్డులో ఉన్న సంవత్సరాన్ని నమ్మకండి, పాత ఇళ్ల విషయంలో అవి తరచూ అంచనాలే. కింగ్ లైబ్రరీ మీకు దగ్గరే. అక్కడ కాలిఫోర్నియా రూమ్‌లో పాత సిటీ డైరెక్టరీలు ఉన్నాయి. ఏ ఏడు మీ ఇంటి నంబరు మొదటిసారి కనబడిందో, ఎవరున్నారో, ఏం పని చేసేవారో దొరుకుతుంది. అగ్నిప్రమాద బీమా కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపుల్లో మీ ఇంటి ఆకారం, వరండాతో సహా గీసి ఉంటుంది. పక్కింటావిడ ఇచ్చిన ఫొటో ఒరిజినల్ భద్రంగా తిరిగిచ్చి కాపీ ఉంచుకోండి. కాంట్రాక్టర్ చెప్పినదానికన్నా, నేను చెప్పినదానికన్నా అదే పెద్ద సాక్ష్యం. తర్వాత నగర ప్లానింగ్ విభాగాన్ని ఒక్కటే అడగండి, మా ఇల్లు పట్టికలో ఉందా, ఉంటే ఏ హోదాలో ఉందని. "పట్టికలో ఉండడం", "కన్సర్వేషన్ ఏరియాలో (పాత రూపాన్ని కాపాడదలచిన పేటలో) ఉండడం", "నగర ల్యాండ్‌మార్క్ కావడం" మూడూ మూడు వేర్వేరు సంగతులు. చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్ ఇంకోటి. అందులో పేరున్నా, సొంత డబ్బుతో సొంత ఇంట్లో చేసుకునే పనిని అది అడ్డుకోదు.

ఒక ఇంట్లో వారసత్వ విలువ మిగిలిందా లేదా అన్నదానికి ఈ దేశంలో ఏడు విషయాలు చూస్తారు. అదే చోట ఉందా, రూపం అదేనా, పరిసరాలు అలాగే ఉన్నాయా, అప్పటి సామగ్రి ఉందా, పనితనం కనబడుతోందా, ఆ కాలపు అనుభూతి కలుగుతోందా, ఆ మనుషులతో సంబంధం తెలుస్తోందా. కాంట్రాక్టర్ రెండో ప్లాన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. వినైల్ కిటికీలతో సామగ్రీ పనితనమూ పోతాయి. వరండా మూసేస్తే రూపం పోతుంది. మన ఊళ్లో వీధరుగు చుట్టూ ఇటుక గోడ కట్టేసినట్టే. ఇల్లు అదే చోట ఉంటుంది, వీధికి మాత్రం ముఖం తిప్పేసుకుంటుంది. కూల్చివేతకన్నా ఈ "మోడ్రన్" చేయడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఖర్చు పెట్టాక మీ చేతికి పాత ఇల్లూ దక్కదు, కొత్త ఇల్లూ దక్కదు.

మీ ఇంటి అసలు ఆస్తి ఎక్కడుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. పడిపోయే కిటికీ ఉంది కదా. దాని పక్క చట్రం కింది భాగాన్ని జాగ్రత్తగా చూడండి. పెయింట్ పొరల కింద చిన్న పలక ఆకారంలో ఒక గీత కనబడుతుంది. ఆ పలక ఊడి వస్తుంది. లోపల గోడ గుల్ల. ఆ గుల్లలో కీరదోసకాయలా పొడుగ్గా ఒక పోత ఇనుప గుండు ఉంటుంది. దానికీ కిటికీ రెక్కకూ మధ్య కప్పీ మీదుగా తాడు ఉండేది. రెక్క బరువును గుండు సరితూచేది, అందుకే ఒక వేలితో ఎత్తినా రెక్క ఎక్కడ వదిలితే అక్కడ ఆగేది. తాడు తెగింది, గుండు అడుగున పడిపోయింది. కిటికీ పాడు కాలేదు, తాడు తెగిందంతే. కొత్త నూలు తాడు కట్టుకుంటే సరి. రెక్క బయటికి తీసినప్పుడు చెక్క అడ్డకోత చూడండి. ఏడాది ఏడాదికీ పడే వలయాలు దగ్గరదగ్గరగా, దువ్వెన పళ్లలా ఉంటాయి. అడవిలో వందల ఏళ్లు నెమ్మదిగా పెరిగిన రెడ్‌వుడ్, డగ్లస్ ఫర్ చెట్లు అవి. ఈరోజు ఏ దుకాణానికి వెళ్లినా అలాంటి కలప మామూలుగా దొరకదు. వినైల్ కిటికీ రెండు అద్దాల మధ్య సీలు పోతే దాన్ని బాగుచేసేవాళ్లుండరు, మొత్తం మార్చడమే. మీ కిటికీలో ఏ ముక్క పోతే ఆ ముక్క మారుతుంది. చలికి అయితే, సందులు మూసి బయట అదనపు అద్దం తలుపు పెట్టించండి, అటకలో ఇన్సులేషన్ వేయించండి. హీటర్ బిల్లు తగ్గేది ఎక్కువగా ఆ అటక వల్లే.

మీ ఆయన వైపు కూడా వినాలి. వాన నీళ్లకు గిన్నెలు పెట్టుకుని పెరిగిన మనిషికి "పాత ఇల్లు" అంటే అందం గుర్తురాదు. ఇంటావిడ దయ మీద బతకడం, చుట్టాలొస్తే సిగ్గుపడడం గుర్తొస్తాయి. మీకు అమ్మమ్మగారి మండువా గుర్తొస్తోంది. ఒకే కిటికీలోంచి ఇద్దరికీ రెండు ఊళ్లు కనబడుతున్నాయి. లోగిలి కూలిపోతుంటే మీరు ఏమీ చేయలేకపోయారు, ఆ దుఃఖం నిజమైనది. కానీ ఆ బాకీ ఈ ఇంటి ద్వారా మీ ఆయన తీర్చాలని ఆయనకు తెలియదు, మీరు చెప్పలేదు. చెప్పండి. వాదనలా కాదు, ఆ స్తంభాలు లారీ ఎక్కిన రోజు ఏమైందో చెప్పండి.

ఆయన చెప్పే వాటిలో కొన్ని అక్షరాలా నిజం కూడా. అటకలో పింగాణీ గుండ్ల మీదుగా లాగిన వైర్లు ఉంటే అవి మార్చాల్సిందే, చాలా బీమా కంపెనీలు కూడా ఒప్పుకోవు. ఇంకా పెద్దది భూకంపం. 1906 భూకంపంలో శాన్ హోసే కూడా దెబ్బతింది. ఆ తర్వాత రెండేళ్లకు కట్టినా, అప్పటి ఇళ్లను పునాదికి బోల్టులతో బిగించేవారు కాదు. పునాదికీ ఇంటి నేలకీ మధ్య ఉండే పొట్టి చెక్క గోడ ఊగితే ఇల్లు పక్కకు జారి పడుతుంది. ఆ గోడకు ప్లైవుడ్ కొట్టి, పునాదికి బోల్టులు వేయడం మీ మొదటి పెద్ద ఖర్చు కావాలి. అది ఇంటి కింద జరిగే పని, పైన రూపానికి గీత కూడా పడదు. రాష్ట్రంలో బ్రేస్ ప్లస్ బోల్ట్ అనే పథకం అర్హత ఉన్న ఇళ్లకు 3,000 డాలర్ల దాకా ఇస్తుంది. మీ జిప్‌కోడ్ ఉందేమో చూడండి. ఇటుక చిమ్నీ ఉంటే ఇంజనీర్‌కు చూపించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

కూల్చి కట్టడం: పట్టికలో ఉంటే మామూలు పర్మిట్‌తో పని జరగదు. చారిత్రక విలువ మీద నివేదిక, రాష్ట్ర పర్యావరణ చట్టం కింద పరిశీలన, బహిరంగ విచారణ రావచ్చు. చివరికి అనుమతి రావచ్చు, రాకపోవచ్చు. అన్నాళ్లూ ఇంటి అప్పు, మధ్యలో ఎక్కడో అద్దె, లాయర్ ఫీజు. పెద్ద ఇల్లు దక్కితే దక్కుతుంది. కానీ రోజూ పలకరించే పక్కింటావిడతో ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. స్థలం రెండుగా విడగొట్టుకోవచ్చని 2022 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టం గురించి ఎవరైనా చెబితే, చారిత్రక హోదా ఉన్నవాటికి అందులో మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి.

వెనక కట్టడం: నాకు నచ్చింది ఇదే, దాచుకోను. మీ వెనక స్థలంలో అత్తమామలకు చిన్న ఇల్లు. కాలిఫోర్నియా చట్టం 800 చదరపు అడుగుల దాకా, 16 అడుగుల ఎత్తులో, పక్కలా వెనకా 4 అడుగులు వదిలి కట్టే అదనపు ఇంటిని నగరాలు అడ్డుకోకుండా చేసింది. నేలమట్టంలో కడితే మామగారికి ఒక్క మెట్టూ ఉండదు. అత్తగారు వెలుతురు కావాలంటే పెద్ద కిటికీలు, ఈశాన్యంలో దేవుడి మూల కావాలంటే ఈశాన్యంలోనే. ముందున్న బంగళా వీధికి అలాగే ఉంటుంది. ఖర్చు తక్కువేం కాదు, జూన్‌కు పూర్తి కాదు. ఈ ఏటికి వెనక తలుపు దగ్గర వాలు దారి ఒకటి చెక్కతో వేయించండి.

ఈ దారిలో వంటింటిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. ఇలాంటి ఇళ్లలో వంటిళ్లు ఇదివరకే రెండు మూడుసార్లు మారి ఉంటాయి, అక్కడ కాపాడేది ఏమంత ఉండదు. బయటికి పొగ లాగే మంచి హుడ్ పెట్టించండి. భోజనాల గది గోడ మాత్రం ఉంచండి. తాళింపు ఘాటు హాల్లోకి రాకుండా ఆపేది ఆ గోడే, మన వంటకు అది వరం. ఆ గోడ అలమరలో అత్తగారి ఇత్తడి సామాను సర్దనివ్వండి. సంక్రాంతికి బొమ్మల కొలువు దాని మీద పెడితే ఎలా ఉంటుందో ఆవిడనే అడగండి. బంగళా అన్న మాట బెంగాల్ ఇళ్ల పేరు నుంచే ఇంత దూరం వచ్చిందని కూడా చెప్పండి.

ల్యాండ్‌మార్క్, మిల్స్ చట్టం: 1972 నాటి ఈ రాష్ట్ర చట్టం కింద నగరంతో ఒప్పందం చేసుకుంటే, ఇంటిని అద్దెకిస్తే ఎంత వస్తుందన్న లెక్కతో ఆస్తి పన్ను వేస్తారు. 1978 నుంచి ఇక్కడ పన్ను కొన్న ధర మీద ఆధారపడుతుంది కాబట్టి, ఎప్పుడో చవగ్గా కొన్న పక్కింటావిడకు దీనివల్ల ఏమీ మిగలకపోవచ్చు. మూడేళ్ల కిందట ఇప్పటి ధరకు కొన్న మీకు మాత్రం బాగా మిగలొచ్చు. మీ ఆయన స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూడదగ్గ లెక్క ఇది. బదులుగా ఒప్పందం కనీసం పదేళ్లు, ఏటేటా మరో ఏడాది కలుస్తూ పోతుంది. ఒప్పుకున్న ప్రకారం ఇంటిని మరమ్మతు చేసి కాపాడాలి, తనిఖీలకు ఒప్పుకోవాలి. ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. షరతులు ఉల్లంఘించి నగరం రద్దు చేస్తే ఇంటి విలువలో 12.5 శాతం కట్టాలి. శాన్ హోసేలో దీనికి ముందు నగర ల్యాండ్‌మార్క్ కావాలి. నగర చారిత్రక కట్టడాల కమిషన్ సిఫార్సు చేయాలి, కౌన్సిల్ ఒప్పుకోవాలి. మీ ఇల్లు ఒక్కటిగా ఆ గీటురాయికి నిలుస్తుందో లేదో లైబ్రరీలో దొరికేదాన్ని బట్టి ఉంటుంది. నిలవకపోతే బాధపడొద్దు. ఇలాంటి ఇంటి విలువలో సగం ఆ వీధి వరసలోనే ఉంది.

అమ్మేయడం కూడా దారే. మీ ఆయనకు కొత్త ఇంట్లోనే నిద్ర పడుతుందంటే, ఈ ఇంటిని ఇలాగే ప్రేమించే వాళ్లు శాన్ హోసేలో ఉన్నారు. కిటికీలు పీకేయకుండా అమ్మితే వాళ్లకు మంచి ఇల్లు దక్కుతుంది, మీకు మంచి ధర వస్తుంది. అలా చేస్తే మీరు ఓడినట్టు కాదు.

వీటిలో ఏదీ ఈ నెలలో తేల్చనక్కర్లేదు. కాంట్రాక్టర్‌కు సంతకం పెట్టకపోతే చాలు. పాత ఇళ్లు తెలిసిన ఇంజనీర్‌ను ఒకరిని ఇద్దరూ కలిసి పిలిపించుకోండి. ఆ రోజు మీ ఆయన్నే ప్రశ్నలు అడగనివ్వండి.

ఒక్క పని మాత్రం వారం కూడా ఆగకూడదు. మీ బాబుకు మూడేళ్లు. 1978కి ముందు కట్టిన ఇళ్ల పెయింట్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, 1908 ఇంట్లో దాదాపు ఉన్నట్టే. అది ఎక్కువగా రాలేది నేను ఇంతసేపూ పొగిడిన ఆ కిటికీల దగ్గరే, రెక్క పైకీ కిందికీ రాసుకున్నప్పుడల్లా. పిల్లల డాక్టర్‌కు చెప్పి బాబుకూ పాపకూ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. కిటికీ గడపలు రోజూ తడిగుడ్డతో తుడవండి, పొడి చీపురు వద్దు, గీకడం వద్దు. బాబు మంచం కిటికీ కింద ఉంటే ఈ రాత్రికే జరపండి. పైన చెప్పిన తాడు పని కూడా పెయింట్ పరీక్ష అయ్యాక, సీసం పనికి సర్టిఫికెట్ ఉన్న మనిషితోనే. పిల్లల పరీక్ష ఫలితం వచ్చాక నాకు రెండు ముక్కలు రాయండి.